ఇత్తడి తాళం

ఆదివారం పొద్దున హైటెక్ సిటీలో రోడ్లు ఖాళీ. వారమంతా ముప్పావుగంట తినే కొత్తగూడ చౌరస్తాను ఆ పూట ఒక్క సిగ్నల్‌లో దాటొచ్చు.

కొండాపూర్‌లో ఆ చర్చి ఉన్నది ఒక కమర్షియల్ కాంప్లెక్స్ నాలుగో అంతస్తులో. కింద సూపర్‌మార్కెట్, దానిమీద పళ్ళ ఆసుపత్రి, ఆపైన కోచింగ్ సెంటర్. పెద్దల ఆరాధన పైన జరుగుతుంది. పిల్లల సండే స్కూలు సెల్లార్లో. ఆదివారం అక్కడ కార్లు ఉండవు, పార్కింగు కోసం గీసిన పసుపు గీతలే ఉంటాయి. ఒక్కో తరగతికి నాలుగేసి గళ్ళు. బిగినర్స్ లిఫ్టు పక్కన, ప్రైమరీ జనరేటర్ దగ్గర, జూనియర్స్ బి14 నుంచి బి17 వరకు.

1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి ఈ చుట్టుపక్కల ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. తర్వాత గుంటూరు నుంచి, ఏలూరు నుంచి, ఖమ్మం నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు బైబిళ్ళు కూడా వెంట తెచ్చుకున్నారు. మొదట ఫ్లాట్లలో గృహకూడికలు, తర్వాత అద్దె హాలు, తర్వాత ఈ నాలుగో అంతస్తు. ఇప్పుడు సండే స్కూల్లో కోకాపేట టవర్లలో ముప్పయ్యో అంతస్తు పిల్లలున్నారు, ఆ టవర్ల దగ్గర కాపలా కాసేవాళ్ళ పిల్లలూ ఉన్నారు. అందరికీ ఒకటే టార్పాలిన్. బిస్కెట్ ప్యాకెట్ కూడా ఒకటే రకం.

పిల్లలు బుద్ధిమంతులు. కంఠత వాక్యం అడిగితే తడుముకోకుండా చెబుతారు. వారం ఎలా గడిచిందంటే ‘గుడ్ ఆంటీ’ అంటారు. ప్రార్థన అవసరాలేమైనా ఉన్నాయా అంటే ‘ఎగ్జామ్స్’ అంటారు. వేసవి సెలవుల్లో అడిగినా ఎగ్జామ్సే.

ఇలా ఎన్నేళ్ళయినా గడిచేదే. ఒక జనవరిలో సండే స్కూలు ఇంటర్మీడియట్ తరగతి కుర్రాడు ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోయాడు. రెండో రోజు లింగంపల్లి స్టేషన్లో దొరికాడు. ఆ రెండు రోజులూ తల్లిదండ్రులు సండే స్కూలు టీచర్లకు ఫోన్లు చేశారు. వాడి స్నేహితులెవరు, వాడికి ఏమిటి బాధ, ఎక్కడికి వెళ్ళి ఉంటాడు అని. వాడు ఆరేళ్ళుగా ఒక్క ఆదివారం మానలేదని మాత్రం రిజిస్టరు చూసి చెప్పగలిగారు.

పాస్టరు అయ్యగారు టీచర్లందరినీ శనివారం సాయంత్రం పిలిచారు.

పాఠాలు చెప్పడం మనకు వచ్చు, పిల్లలు మనతో మాట్లాడటం లేదు, అదీ సంగతి అన్నారు. సండే స్కూలు ఎలా పుట్టిందో చెప్పారు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్నంలో రాబర్ట్ రెయిక్స్ అనే పెద్దమనిషి, ఆరు రోజులు పనిచేసి ఏడోరోజు వీధుల్లో తిరిగే పిల్లల్ని పోగుచేసి చదువు చెప్పించాడు. అది బడి కాబట్టి మొదలైంది గాని, నిలబడింది మాత్రం ఆ పిల్లల్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు అక్కడ దొరికారు కాబట్టి అన్నది అయ్యగారి అభిప్రాయం. రెయిక్స్‌ది పత్రిక నడిపే వృత్తి అని కూడా చెప్పారు. ఊళ్ళో కబుర్లు పదిమందికీ చేర్చడం ఆయన జీవనాధారం.

తర్వాత అజరయ్య సంగతి ఎత్తారు. మన డోర్నకల్ అజరయ్యే. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు. దానికి రెండేళ్ళ ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ లేచి, దొరలు చేసిన త్యాగాలన్నీ ఒప్పుకుంటూనే, మాకు ఇంకా కావలసింది స్నేహితులు అని మొహంమీదే అడిగారు. సభలో కొందరికి కోపం వచ్చింది. పిల్లలు మన దగ్గర అడగలేక ఊరుకుంటున్నది అదే అన్నారు అయ్యగారు. ఇద్దరు టీచర్లు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత సంఘంలోనే ఉన్న ఒక లాయరుగారు చట్టం వివరించారు. పిల్లలమీద లైంగిక నేరాల చట్టం, పోక్సో, 2012 నుంచి అమల్లో ఉంది. అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని అనుమానం వచ్చినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసి ఊరుకుంటే ఆరు నెలల వరకు జైలు. సంస్థ నడిపేవాళ్ళు ఊరుకుంటే ఏడాది వరకు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098, గోడకు అంటించండి అన్నారు. అందుకని ఏ పిల్లకూ ‘ఎవరికీ చెప్పను’ అని ఉత్త మాట ఇవ్వొద్దు. ‘నీకు ప్రమాదం ఉందనిపిస్తే, నిన్ను కాపాడగలిగినవాళ్ళకి మాత్రం చెబుతాను. ఇంకెవరికీ చెప్పను’ అనండి. ఆ రెండు ముక్కలూ ముఖ్యమే అన్నారు.

టీచర్లు నోట్సు రాసుకున్నారు. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, రాత్రివేళ అయితే ఏ స్టేషనుకు చెప్పాలి అని లాయరుగారిని చాలాసేపు ప్రశ్నలు అడిగారు. రెండో ముక్క గురించి ఎవరికీ సందేహం రాలేదు.

పిల్లలు చీటీలు రాసి వేసే పెట్టె ఆలోచన జూనియర్స్ టీచరుది.

ఆమె మైండ్‌స్పేస్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. డేటా ప్రైవసీ టీము. జనం తాలూకు పేర్లు, ఫోన్ నంబర్లు, పుట్టినరోజులు, రోగాలు, అప్పులు కంపెనీ చేతికి వస్తే అవి చెయ్యి జారకుండా చూడటం ఆ టీము పని. మంచినీళ్ళకు లేచినా స్క్రీను లాక్ చేసి లేస్తుంది. క్యాబ్‌లో క్లయింటు పేరు పలకదు. లిఫ్టులో పలికిన ట్రెయినీని ఒకసారి పక్కకు పిలిచి, పేరు చెప్పకపోయినా నాలుగు వివరాలు చెబితే మనిషి దొరికిపోతాడని అరగంట చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినప్పుడు ఆఫీసులో అందరికీ క్లాసు తీసుకున్నది ఈమే. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉందని స్లైడు మీద ఎర్ర అక్షరాల్లో చూపించింది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ సంగతి మరీ జాగ్రత్త అని రెండుసార్లు చెప్పింది.

ఆ పెట్టె చెక్కది, పైన చీలిక ఉంది. తాళం కొండాపూర్ మెయిన్ రోడ్డులో హార్డ్‌వేర్ షాపులో కొన్నది. ఇత్తడిది, బొటనవేలంత. షాపువాడు ప్లాస్టిక్ నంబరు తాళం చూపించి ఇదే చౌక అన్నాడు. ఆమె ఇత్తడిదే తీసుకుంది. పిల్లలకు తాళం తాళంలా కనిపించాలి అంది. చెవిని ఆఫీసు ఐడీ కార్డు ట్యాగుకే తగిలించుకుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంపెనీ లిఫ్టుల్లో, మీటింగుల్లో, క్యాంటీనులో ఆ చెవి ఆమె మెడలోనే ఊగేది. ఇదేమిటని అడిగినవాళ్ళకు చెప్పేది కాదు.

పెట్టెమీద లాయరుగారు చెప్పిన మాటే పెద్ద అక్షరాలతో రాయించింది. నీకు ప్రమాదం ఉందనిపిస్తే, నిన్ను కాపాడగలిగినవాళ్ళకి చెబుతాను. ఇంకెవరికీ చెప్పను.

మొదటి ఆదివారాల్లో పడ్డవన్నీ అల్లరి చీటీలు. బిస్కెట్లు మార్చమని ఒకరు, క్రిస్మస్ నాటకంలో ఈసారి గొర్రె వేషం వద్దని ఒకరు. ఒక చీటీలో చాక్లెట్ కాగితం మాత్రమే ఉంది. ఆమె వేటినీ కొట్టిపారెయ్యలేదు. బిస్కెట్లు మారాయి. గొర్రె ఆ ఏడు జ్ఞాని అయ్యాడు.

పని తెలిసిన మనిషి. కుర్చీ తీసేయించి పిల్లలతోపాటు టార్పాలిన్ మీద కూర్చునేది. ఎవడి సైకిలు పోయింది, ఎవరి తాతయ్యకు కంటి ఆపరేషను, ఏ పిల్ల ఏ స్కూలు మారింది, గుర్తుపెట్టుకుని మరుసటి ఆదివారం అడిగేది. జవాబు రాకపోతే రెండోసారి అడిగేది కాదు. తప్పు చేశానని చెప్పినవాడికి అక్కడికక్కడే వాక్యం చెప్పేది కాదు. ముందు మంచినీళ్ళిచ్చేది. పిల్లలతో ఒంటరిగా మాట్లాడాల్సి వస్తే అందరికీ కనిపించేలా ర్యాంపు పక్క మెట్లమీదే కూర్చునేది, గది తలుపు వేసేది కాదు. ఇదీ లాయరుగారు చెప్పిందే.

మూడు నెలలయ్యేసరికి చీటీల బరువు మారింది. ‘నాన్న రాత్రి మీటింగుల్లో ఉంటారు, పొద్దున నిద్రపోతారు, నాతో మాట్లాడింది దసరాకి.’ ‘మా అమ్మ పనిచేసే ఇంటి పిల్ల కూడా ఇదే క్లాసులో ఉంది, నన్ను ఇక్కడ చూసి తెలియనట్టు ఉంటుంది.’ ‘నాకు దేవుడు వినపడడు, అందరికీ వినపడుతుందా?’ పేరు రాయాలన్న నియమం లేదు. చేతిరాత చూసి ఆమె పోల్చుకునేది. ఒక్కొక్కరితో విడిగా, నెమ్మదిగా మాట్లాడేది. చదివాక చీటీల్ని కవర్లో వేసి సోమవారం ఆఫీసుకు పట్టుకెళ్ళి, కాగితాలు ముక్కలు చేసే మిషన్లో వేసేది.

అయ్యగారు పైన ఆరాధనలో ఆ పెట్టె గురించి చెప్పారు. నానక్‌రాంగూడ నుంచి ఇంకో సంఘంవాళ్ళు వచ్చి పెట్టె ఫొటో తీసుకున్నారు. తాళం కూడా దగ్గరగా తీసుకున్నారు.

జూనియర్స్‌లో ఒక పిల్ల మాత్రం చీటీ వెయ్యలేదు.

నాలుగో తరగతి. రెండు జడలు. తండ్రి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో, తల్లి గచ్చిబౌలిలో పనిచేస్తారు. బి17 గడిలో స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది. పాటలకు చేతులు ఊపుతుంది, కంఠత వాక్యం చెబుతుంది, ఆకుపచ్చ జెల్ పెన్నుతో నోట్సు రాస్తుంది. అడిగితే ‘గుడ్ ఆంటీ’. టీచరు రెండోసారి అడగలేదు.

ఒక ఆదివారం క్లాసు అయ్యాక పిల్లలు బిస్కెట్ల వరసలోకి పరిగెత్తితే ఈ పిల్ల పెట్టె దగ్గర ఆగింది.

“ఆంటీ, ఈ తాళానికి చెవులు ఎన్ని?”

“రెండమ్మా.”

“ఒకటి మీ మెడలో ఉంది. రెండోది?”

“మా ఇంట్లో బీరువాలో.”

“బీరువా చెవి ఎవరి దగ్గర ఉంటుంది?”

“అదీ నా దగ్గరే.”

“చదివాక చీటీలు ఏం చేస్తారు?”

“ముక్కలు చేసేస్తాను.”

“చేత్తోనా, మిషన్తోనా?”

“మిషన్తో. పొడి పొడి అయిపోతుంది.”

పిల్ల కాస్త ఆలోచించింది.

“పొడి అయిపోయినా మీకు గుర్తుంటుందిగా?”

టీచరు నవ్వి పిల్ల తల నిమిరింది. మా ఆఫీసుకు వచ్చే ఆడిటర్లు కూడా ఇన్ని అడగరు అని ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. పిల్ల దారిలో పడుతోందని సంతోషించింది.

తర్వాతి వారం కాక పైవారం పెట్టెలో ఆకుపచ్చ సిరా చీటీ పడింది. నాలుగు మడతలు.

‘కానుకకి అమ్మ ప్రతి ఆదివారం నాకు వంద ఇస్తుంది. నేను వెయ్యడం లేదు. ఏడు వందలు అయ్యాయి. నా కీబోర్డు కవరు పక్క జిప్పులో దాచాను.’

టీచరు రెండుసార్లు చదివింది. ప్రమాదం ఏమీ లేదు, పోలీసుల పని కాదు, 1098 పని అంతకన్నా కాదు. వచ్చే ఆదివారం మెట్లమీద కూర్చుని పిల్లతోనే మాట్లాడదాం అనుకుంది. ఏం కొనుక్కోవాలనుకుందో, ఇంట్లో అడగడానికి ఎందుకు భయపడిందో ముందు కనుక్కుందాం అనుకుంది. చీటీని కవర్లో వేసింది. పెట్టెకు తాళం వేసి ఒకసారి లాగి చూసింది.

ఆ రాత్రి మోకాళ్ళూని ఆ పిల్లకోసం చాలాసేపు ప్రార్థన చేసింది. ఇంతకాలం నోరు విప్పని పిల్ల మొదటిసారి విప్పింది. ఈ ఘడియలో తనొక్కతే మోస్తే చాలదనిపించింది. పదకొండు గంటలకు ఫోను తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో రాసింది.

‘ప్రార్థన అంశం. మన జూనియర్స్‌లో ఒక పాప కానుక డబ్బు వెయ్యకుండా తన కీబోర్డు కవర్లో దాచుకుంటోంది. పాప హృదయం కోసం ప్రార్థించండి. పేరు చెప్పడం లేదు. దయచేసి మనలోనే ఉంచండి.’

కీబోర్డు కవరు ఎందుకు రాశావని అడిగేవాళ్ళెవరూ లేరు. అడిగితే జవాబుంది. ప్రార్థన అంశం స్పష్టంగా ఉండాలని ఆ సంఘంలో నేర్పుతారు.

గ్రూపులో పద్నాలుగు మంది. నిమిషంలో తొమ్మిది జోడించిన చేతులు వచ్చాయి. ఎవరూ పేరు అడగలేదు. ఆ సంఘంలో కీబోర్డు నేర్చుకునే పిల్లలు ముగ్గురే. అందులో ఇద్దరు మగపిల్లలు.

ప్రైమరీ టీచరు మర్నాడు అమ్మగారితో, అంటే అయ్యగారి భార్యతో, మనలోనే ఉంచమన్నారని చెప్పి మరీ చెప్పింది. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు జూమ్‌లో స్త్రీల కూడిక. ముప్పై ఎనిమిది మంది చేరారు, సగం మంది కెమెరాలు ఆపేసి. అమ్మగారు నాయకత్వం వహించారు. ఎవరి పేరూ ఎత్తలేదు. కానుకను దాచుకున్న ఒక చిన్న పాప గురించి, సంగీతం నేర్చుకుంటూ దేవుని సొత్తును ఆ వాద్యం సంచిలోనే పెట్టుకున్న ఆ చేతుల గురించి కన్నీళ్ళతో ప్రార్థించారు. ఆమేన్‌లు వినిపించాయి. ఒక పెట్టెలో కెమెరా ఆపి, మ్యూట్‌లో ఉండి, వంటింట్లో మర్నాటి డబ్బాలకు చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి చేతులు ఆగాయి.

ఆమె లేచి వెళ్ళింది. పిల్ల నిద్రపోయింది. కీబోర్డు కవరు మంచం పక్కన గోడకు ఆనించి ఉంది. పక్క జిప్పు తీసింది.

డబ్బు లేదు. నాలుగు మడతల కాగితం ఉంది. విప్పింది. ఆకుపచ్చ సిరా.

‘అమ్మా, నీకు ఎవరు చెప్పారు?’

పావుతక్కువ పదకొండుకు టీచరు ఫోను మోగింది.

“వందనాలు సిస్టర్. ఇంత రాత్రి చేస్తున్నాను, ఏమనుకోకండి.”

“పర్లేదు సిస్టర్, చెప్పండి.”

తల్లికి చీటీ సంగతి అర్థం కాలేదు. ఆ ఏడు వందలు ఇంట్లో ఇంకెక్కడ దాచిందో మీకేమైనా చెప్పిందా అన్నదే ఆమె ఆరాటం. టీచరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మీరు పాపను ఏమీ అనకండి, ఆదివారం నేను చూసుకుంటాను అంది.

ఆదివారం జూనియర్స్ పాఠం దానియేలు సింహాల బోను. పాఠం మొదలయ్యేముందు అయ్యగారు పైనుంచి దిగి వచ్చారు. ఇవాళ పిల్లలకు నేను ఒక చిన్న మాట చెబుతాను అన్నారు. అననీయ, సప్పీరాల కథ చెప్పారు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచిపెట్టి, అంతా తెచ్చామని చెప్పి, అపొస్తలుల కాళ్ళ దగ్గర ఒకరి తర్వాత ఒకరు పడి చనిపోయిన మొగుడూ పెళ్ళాల కథ. ఆ కథ ఆ ఏడాది పిల్లల పాఠాల్లో లేదు. అయ్యగారు ఎవరి వంకా చూడలేదు. బి17 వంక చూడకుండా ఉండటానికి ఆయన పడుతున్న పాటు మాత్రం పిల్లలందరికీ కనిపించింది.

స్తంభం దగ్గర పిల్ల నోట్‌బుక్కు తెరిచి ఆకుపచ్చ పెన్నుతో ఏదో గీసుకుంది.

ఆరాధన అయ్యాక కోశాధికారిగారు రిజిస్టరు తెచ్చారు. ఆ చర్చిలో పిల్లల కానుకకు నంబర్లున్న కవర్లు ఇస్తారు. ఈ పిల్లది ముప్పై ఒకటి. గడిచిన ఏడు ఆదివారాలూ చూశారు. ముప్పై ఒకటి, వంద. ముప్పై ఒకటి, వంద. ఏడుసార్లు.

చేసిన తప్పు ఒప్పుకోని పిల్లల్ని వాళ్ళు చూశారు. చెయ్యని తప్పు ఒప్పుకున్న పిల్లను చూడటం అదే మొదలు. అయ్యగారు రిజిస్టరు మూసి, మీరు కాస్త మాట్లాడండమ్మా అని టీచరుతో అన్నారు.

టీచరు పిల్లను ర్యాంపు పక్క మెట్లమీద కూర్చోబెట్టుకుంది. మంచినీళ్ళిచ్చింది. పిల్ల తాగి సీసా మూత బిగించింది.

“కానుక నువ్వు వేస్తూనే ఉన్నావు కదమ్మా. వెయ్యడం లేదని ఎందుకు రాశావు?”

“అది డమ్మీ ఆంటీ.”

“డమ్మీ అంటే?”

“మా నాన్న టెస్టింగ్‌లో చేస్తారు. ఏదైనా కొత్త సిస్టం పెడితే అందులో ముందు ఉత్తుత్తి డేటా వేస్తారంట. అది లీకైతే ఎవరికీ నష్టం ఉండదు. లీకవ్వకపోతే అప్పుడు అసలుది వేస్తారు.”

పిల్ల నోట్‌బుక్కు తెరిచింది. పేజీలో ఎడమపక్క పెట్టె బొమ్మ, దానికి తాళం. తాళం శ్రద్ధగా వేసింది. కన్నం కూడా గీసింది. పెట్టెనుంచి రెండు బాణాలు. ఒకదాని చివర ‘అమ్మ, బుధవారం’. రెండోదాని చివర ‘అయ్యగారు, ఆదివారం’. బాణాలు రెండూ మధ్యలో ఒకే ప్రశ్నార్థకం గుండా వెళ్ళాయి.

“ఈ మధ్యలో ఎవరు ఆంటీ?”

టీచరు చెయ్యి మెడలో ట్యాగు మీదికి వెళ్ళింది. చెవి అక్కడే ఉంది.

“నీకోసం ప్రార్థన చెయ్యమని అడిగానమ్మా. అంతే. నీ పేరు ఎక్కడా చెప్పలేదు.”

పిల్ల తలూపింది. ప్రశ్నార్థకాన్ని కొట్టేసి, దాని పక్కన ఏదో రాసి, నోట్‌బుక్కు మూసింది. కోపం ఉన్నట్టు లేదు. లెక్క తేలిన మొహం.

“మరి ఆ అసలుది ఏంటమ్మా? నువ్వు చెప్పాలనుకున్నది?”

“అది టెస్ట్ పాసైతేనే ఆంటీ.”

“నీకేమైనా భయంగా ఉందా? ఎవరైనా ఏమైనా అన్నారా?”

“గుడ్ ఆంటీ,” అంది పిల్ల. లేచి బిస్కెట్ల వరసలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. విషయం బయటికి పొక్కడం చాలా విచారకరమని అయ్యగారు అన్నారు. అందరూ ఔనన్నారు. భద్రత పెంచాలని తీర్మానించారు. పెట్టెకు ఇత్తడి తాళంతోపాటు నాలుగంకెల నంబరు తాళం కూడా వెయ్యాలని, ఆ నంబరు జూనియర్స్ టీచరుకు తప్ప అయ్యగారికి కూడా తెలియకూడదని మినిట్స్‌లో రాశారు. కోశాధికారిగారు అప్పటికప్పుడు డబ్బు మంజూరు చేశారు.

టీచరుకు ఆ రాత్రి అన్నం సహించలేదు. పిల్ల మొహం కళ్ళముందు ఆడుతూనే ఉంది. ఆ ‘అసలుది’ ఏమై ఉంటుందో, ఎన్నాళ్ళుగా మోస్తోందో. మోకాళ్ళమీద కూర్చుంది. మాటలు రాలేదు. పదకొండు దాటాక ఫోను తీసింది. కళ్ళు తుడుచుకుంటూ టైపు చేసింది.

‘ప్రార్థన అంశం. మన జూనియర్స్‌లో ఒక పాప మనసులో ఏదో పెద్ద భారం పెట్టుకుని ఉంది. మనలో ఎవరినీ నమ్మలేకపోతోంది. తండ్రిగారు టెస్టింగ్‌లో పనిచేస్తారు. పాప నమ్మకం మనకు దక్కేలా ప్రార్థించండి. పేరు చెప్పడం లేదు. దయచేసి మనలోనే ఉంచండి.’